జుర్రేరు గట్టున తెల్లగీత

బళ్ళారి చుట్టుపక్కల తరాలుగా స్థిరపడిన మన తెలుగువారికి బూడిద దిబ్బ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. హోస్పేట దారిలో కుడతిని దగ్గర ఉన్న దిబ్బ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. భీముడు హిడింబాసురుణ్ణి చంపి దహనం చేస్తే మిగిలిన బూడిద అది అని కథ. పందొమ్మిదో శతాబ్దంలో ఈ దిబ్బల్ని చూసిన ఇంగ్లీషు అధికారుల్లో కొందరికి ఇది అగ్నిపర్వతం తాలూకు శేషమేమో అన్న అనుమానం కూడా కలిగింది. కాదు, ఇది పశువుల పేడ కాలి గడ్డకట్టిన బూడిద అని రాబర్ట్ బ్రూస్ ఫుట్ పోల్చుకున్నాడు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఇలాంటి దిబ్బనే తవ్వితే ఆ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. దానితో వాదన ఒక కొలిక్కి వచ్చింది. ఆ దిబ్బలు నాలుగైదు వేల ఏళ్ళనాటి పశుపాలకులవి.

ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ బూడిద సంగతి కాదు. నిజంగానే అగ్నిపర్వతం నుంచి వచ్చి మన నేల మీద పడ్డ బూడిద మరొకటి ఉంది. కన్నడంలో బూది, తెలుగులో బూడిద. మాట దాదాపు ఒకటే అయినా ఈ రెండు బూడిదలకూ ఏ చుట్టరికమూ లేదు. మొదటిది మనుషులు చేసినది. రెండోది, మనుషులు ఎప్పటివాళ్ళో తేల్చుకోవడానికి మనకు మిగిలిన కొలబద్ద.

అది చూడాలంటే బళ్ళారి నుంచి తూర్పుగా బనగానపల్లె వైపు పోవాలి. యాగంటి బసవన్నను చూడటానికి వెళ్ళినవాళ్ళకు ఆ దారి తెలుసు. మామిడిపండ్ల పేరు చెప్పినా తెలుస్తుంది. ఆ దగ్గరలో జుర్రేరు అనే చిన్న ఏరు ఉంది. దాని లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉంది. మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఊరి పేరులో జ్వాల ఉంది గనుక అగ్నిపర్వతానికీ ఆ పేరుకూ సంబంధం కలపాలని మీకు తోచవచ్చు. పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళకూ మొదట అదే తోస్తుంది. ముచ్చటగానే ఉంటుంది కాని కుదరదు. ఈ బూడిద పడి సుమారు 74 వేల ఏళ్ళయింది. అంతకాలం ఏ ఊరి పేరూ నిలవదు, ఏ భాషా నిలవదు.

జ్వాలాపురం పొలాల పక్కన తవ్విన గుంతల గోడలు చూస్తే, ఎర్రమట్టికీ గోధుమరంగు బంకమట్టికీ మధ్య తెల్లగా, కొంచెం బూడిదరంగుగా ఒక దళసరి పట్టీ కనిపిస్తుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం ఉంటుంది. వేళ్ళ మధ్య తీసుకుంటే ముగ్గుపిండిలా మెత్తగా ఉంటుంది, రుద్దితే సన్నగా గరగరమంటుంది. పొయ్యిలో బూడిద నీళ్ళలో కలిపితే క్షారం దిగుతుంది, ఆ నీళ్ళతో మన అమ్మమ్మలు బట్టలు ఉతికారు. ఇందులో అలాంటిదేమీ లేదు. ఎందుకంటే ఇది కాలిన వస్తువు కాదు, గాజు. సూక్ష్మదర్శిని కింద పెడితే పగిలిన గాజుల ముక్కల్లాగా వంపు తిరిగిన పెచ్చులు కనిపిస్తాయి. కరిగిన రాతిలో వాయువు బుడగలు కట్టి, ఆ బుడగలు పేలితే, వాటి గోడలు ముక్కలై ఆకాశానికి ఎగిరాయి. అదే ఈ పొడి. దానిలో నూటికి 77 పాళ్ళ దాకా సిలికా.

దక్కనులో ఎక్కడా అలాంటి గాజును కక్కే అగ్నిపర్వతం ఆ కాలంలో లేదు. మన నల్లరాతి పీఠభూమిని పరిచిన లావా ప్రవాహాలు దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటివి, వాటి రసాయన స్వభావమే వేరు. మరి ఈ గాజు ఎక్కడిది? సముద్రం అవతలిది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అనే సరస్సు ఉంది. 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు. అది మామూలు సరస్సు కాదు. పేలిపోయి, లోపలికి కుంగిపోయిన అగ్నిపర్వతం నోరు అది. జ్వాలాపురానికీ దానికీ నడుమ సుమారు 2,600 కిలోమీటర్ల దూరం. ఆ పేలుడులో బయటపడ్డ పదార్థాన్ని గట్టి రాయిగా లెక్క కట్టినా 2,800 ఘన కిలోమీటర్లకు తక్కువ ఉండదని అంచనా. 1815లో టంబోరా పేలితే మరుసటి ఏడు ఐరోపాలో వేసవి రాలేదని చరిత్ర పుస్తకాల్లో చదువుకుంటాం. తోబా దానికి కొన్ని పదుల రెట్లు.

గాలి ఆ బూడిదను అన్ని దిక్కులకూ మోసింది, పడమటికి మరీ ఎక్కువ. బంగాళాఖాతం అడుగున, అరేబియా సముద్రం అడుగున తీసిన మట్టి కడ్డీల్లో ఇదే పొర ఉంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగున కంటికి కనపడనంత సన్నగా ఉంది. మన దేశంలో మొదట గుర్తించింది మధ్యప్రదేశ్‌లో సోన్ నది గట్టున, 1980 ప్రాంతంలో. అలహాబాద్ విశ్వవిద్యాలయం వారూ, విదేశీ శాస్త్రజ్ఞులూ కలిసి పనిచేస్తున్నప్పుడు బయటపడింది. ఆ తరవాత వెతికేవాళ్ళకు చోటల్లా కనిపించసాగింది. మహారాష్ట్రలో పుణె దగ్గర కుకడి, కర్హా నదుల గట్లమీద, ఒరిస్సాలో మహానది, బ్రాహ్మణి, వంశధార లోయల్లో, కడప వైపు సగిలేరు ఒడ్డున కూడా దాన్ని గుర్తించారు. వంశధార పేరు వింటే పర్లాకిమిడి, గుణుపురం వైపు ఉన్న మనవాళ్ళకు ఇది పరాయి కథగా అనిపించదు. యానాంలో ఉన్నవారు మాత్రం ఇంటి పెరట్లో నుయ్యి తవ్వి చూడనక్కరలేదు. గోదావరి డెల్టా పైమట్టి చాలా చిన్నవయసుది, కొద్ది వేల ఏళ్ళలో నది తెచ్చి పోసింది.

ఇంత దూరం, ఇన్ని నదులు చెప్పడానికి కారణం ఉంది. నదులు తెచ్చిన ఒండ్రుమట్టిలో ఏ పొర ఏ కాలానిదో చెప్పడం చాలా కష్టం. కుకడి ఒడ్డున ఉన్న పసుపుమట్టీ, జుర్రేరు ఒడ్డున ఉన్న ఎర్రమట్టీ ఒకే కాలంలో పరుచుకున్నాయా లేక లక్ష ఏళ్ళ తేడా ఉందా? మట్టిని చూసి చెప్పలేం. అయితే అగ్నిపర్వతం పేలితే బూడిద కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో ఇంత ప్రదేశం మీదా ఒకేసారి పడిపోతుంది. భూమి వయసు లెక్కల్లో కొన్ని వారాలంటే రెప్పపాటు కూడా కాదు.

బడిలో పనిచేసేవాడిని గనుక నాకు తెలిసిన పోలిక చెబుతాను. ఉపాధ్యాయుల హాజరు పుస్తకంలో పొద్దున గంట కొట్టిన కాసేపటికి హెడ్మాస్టరుగారు చివరి సంతకం కింద ఎర్రసిరాతో ఒక గీత గీస్తారు. గీతకు పైన సంతకం ఉన్నవారు వేళకు వచ్చినట్టు, కింద ఉన్నవారు ఆలస్యమైనట్టు. ఏ పంతులుగారు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చారో ఆ గీత చెప్పదు. ముందా, వెనకా అన్నది మాత్రం తిరుగులేకుండా చెబుతుంది. తోబా బూడిద అలాంటి గీత. సోన్ నుంచి సగిలేరు దాకా అన్ని హాజరు పుస్తకాల్లోనూ ఒకే రోజున, ఒకే చెయ్యి గీసిన గీత. కాకపోతే భూమిలో లెక్క తలకిందులు. కింద ఉన్నవాళ్ళే ముందు వచ్చినవాళ్ళు.

ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు ఐస్‌లాండ్ దేశస్థుడు సిగుర్దుర్ తోరారిన్సన్. బూడిదకు గ్రీకులో ఉన్న టెఫ్రా అనే మాటను తీసుకుని 1944లో ఈ కాలనిర్ణయ పద్ధతికి టెఫ్రోక్రోనాలజీ అని పేరు పెట్టాడు. వాళ్ళ దేశంలో హెక్లా అనే అగ్నిపర్వతం పేలినప్పుడల్లా సంవత్సరం రాసిపెట్టుకున్న వృత్తాంతాలు ఉన్నాయి. పాడుబడిన పల్లె గోడల మీద 1104 నాటి బూడిద కనిపిస్తే ఆ పల్లె అంతకు ముందుదని తేలికగా చెప్పవచ్చు. మనకు ఆ సదుపాయం లేదు. 74 వేల ఏళ్ళ కిందట ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు. కాబట్టి గీత ఎప్పుడు గీసినదో వేరే దారిలో తెలుసుకోవాలి.

మనకు బాగా పరిచయమైన కార్బన్ 14 పద్ధతి ఇక్కడ పనికిరాదు. 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోయే ఆ కార్బన్ 50 వేల ఏళ్ళు దాటిన వస్తువుల్లో కొలవడానికి మిగలదు. అందుకని పొటాషియం ఆర్గాన్ పద్ధతి పట్టుకున్నారు. రాతిలోని ఒక రకం పొటాషియం చాలా నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది. రాయి కరిగి ఉన్నప్పుడు పాత ఆర్గాన్ తప్పించుకుపోతుంది. గట్టిపడి స్ఫటికమైనప్పటి నుంచి కొత్తది లోపల చిక్కుకుంటుంది. ఎంత చిక్కుకుందో కొలిస్తే ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. చిక్కు ఏమిటంటే, మన దాకా ఎగిరి వచ్చినది సన్నటి గాజుపొడి, కొలవదగ్గ స్ఫటికాలు అందులో బహు అరుదు. బరువైనవి సుమత్రా దగ్గరే రాలిపోయాయి. అందుకని రెండు మెట్లుగా పని చేస్తారు. ముందు జ్వాలాపురం గాజునూ సుమత్రా గాజునూ ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే యంత్రంలో పెట్టి రసాయన కూర్పు సరిపోల్చుతారు. ఒక్కొక్క పేలుడుకూ ఒక్కొక్క కూర్పు, వేలిముద్రలాగా. రెండూ ఒకటే అని తేలితే, సుమత్రాలో దొరికే స్ఫటికాలకు ఆర్గాన్ లెక్క కడతారు. 2012లో ఒక బృందం 73,900 ఏళ్ళకు కొంచెం అటూ ఇటూ అని తేల్చింది. 2014లో మరొక బృందం 75 వేలు అన్నది. ఇంత పాత సంగతిలో వెయ్యేళ్ళ తేడా చిన్నదే.

ఇక గీతకు కిందా పైనా ఎవరున్నారన్నది చూద్దాం. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యులు రవి కోరిశెట్టర్, కేంబ్రిడ్జి నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా కలిసి జుర్రేరు లోయలో తవ్వకాలు జరిపి 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిదకు కింద ఉన్న మట్టిలో రెండు వందల పైచిలుకు రాతి పనిముట్లు, పెచ్చులు దొరికాయి. సున్నపురాయి, క్వార్ట్‌జైటు, చెకుముకి వంటి రాళ్ళతో చేసినవి. బూడిదకు పైన మళ్ళీ వంద పైచిలుకు దొరికాయి. రాసి అరగదీసిన గుర్తులున్న ఎర్రకావి ముక్క కూడా అక్కడ దొరికింది. ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో చెప్పే మరో పద్ధతి ఉంది. దానితో బూడిద కింది పొర సుమారు 77 వేలు, పై పొర సుమారు 74 వేలు అని తేలింది. అయితే అటూ ఇటూ ఆరేడు వేల ఏళ్ళు తేడా రావచ్చునని వాళ్ళే రాశారు. ఆ తేడా వల్లనే బూడిద విలువ పెరిగింది. రేణువుల లెక్క ఒక్కటే ఉంటే రెండు పొరల్లో ఏది ముందో కూడా గట్టిగా చెప్పలేకపోదుము. మధ్యలో గీత ఉంది కాబట్టి సందేహం లేదు.

చివరకు తేలింది ఏమిటంటే, బూడిద పడకముందు మనుషులు అక్కడ ఉన్నారు. పడిన తరవాతా ఉన్నారు. పనిముట్లు చేసే తీరు పెద్దగా మారలేదు.

ఇది చిన్న మాట కాదు. తోబా పేలుడు తరవాత ఏళ్ళ తరబడి చలికాలం కమ్మి ప్రపంచంలో మనుషులు దాదాపు నశించారని, మిగిలిన కొద్ది వేలమంది నుంచే మనమంతా వచ్చామని 1998లో ఒక సిద్ధాంతం వచ్చింది. పత్రికల్లో బాగా ప్రచారమైంది. ఆ లెక్కన, బూడిద దారిలోనే ఉన్న కర్నూలు సీమలో మనిషి మిగలకూడదు. రాతి పెచ్చులేమో మిగిలారని చెబుతున్నాయి. సోన్ లోయలో ధాబా అనే చోట 2020లో ప్రకటించిన తవ్వకం కూడా దీనికే బలం చేకూర్చింది. అక్కడ 80 వేల ఏళ్ళ కిందటి నుంచి తోబా కాలం దాటి పనిముట్లు తెగకుండా వస్తున్నాయి.

వాళ్ళు ఎవరు అన్నదానికి మాత్రం జవాబు లేదు. మనలాంటి మనుషులే ఆఫ్రికా నుంచి అప్పటికే ఇక్కడికి చేరారని పెట్రాగ్లియా పక్షం. పనిముట్లలో ఆ పోలిక ఉందని వారి వాదం. కేంబ్రిడ్జిలోనే పాల్ మెల్లర్స్ అనే ఆచార్యుడు 2013లో దాన్ని గట్టిగా తిప్పికొట్టాడు. మనవాళ్ళు ఇక్కడికి వచ్చింది తోబా తరవాత ఎంతో కాలానికేనని, ఆ పెచ్చులు అంతకు ముందటి వేరే మానవజాతివని ఆయన వాదం. ఇద్దరి చేతిలోనూ ఒక్క ఎముక లేదు. జ్వాలాపురం బూడిదకు కింద గాని, వెంటనే పైన గాని మనిషి ఎముక దొరకలేదు. రాతి పెచ్చు అంచు చూసి చెక్కినవాడి ముఖం ఊహించడం నాకైతే సాహసంగానే తోస్తుంది. ఎన్నడు ఉన్నారో చెప్పడం బూడిద పని, ఎవరున్నారో చెప్పమంటే ఎలా?

దాని పని అదే అయినా, అందులోనూ అది మోసం చెయ్యగలదు. ఇది బాగా తెలుసుకోవాలంటే మహారాష్ట్రలోని బోరీ గ్రామం కథ వినాలి. పుణె జిల్లాలో కుకడి నది ఒడ్డున ఉంది బోరీ. 1980ల్లో పుణెలోని డెక్కన్ కాలేజీ వారూ మరికొందరూ అక్కడ బూడిద పొరను కనుక్కున్నారు. దాని దగ్గరే పెద్ద పెద్ద రాతి చేతిగొడ్డళ్ళు దొరికాయి. చేతిగొడ్డలి అంటే బాదంకాయ ఆకారంలో రెండు వైపులా చెక్కిన రాయి, జ్వాలాపురం పెచ్చుల కంటే చాలా పాత ధోరణి. ఆ బూడిదకు ఆర్గాన్ లెక్క కడితే 14 లక్షల ఏళ్ళు అని వచ్చింది. 1989లో ప్రకటించారు. భారతదేశంలో తొలి మానవుడి ఆనవాళ్ళు దొరికాయని అందరూ సంతోషించారు. తరవాత 1995లో ఇంకొంచెం మెరుగైన పద్ధతిలో లెక్క కడితే 6 లక్షల 70 వేలకు దిగింది. అదే కాలంలో మరో వర్గం గాజు కూర్పు పోల్చి చూసి, ఇదంతా తోబా చివరి పేలుడు బూడిదే, 75 వేలకు మించదు అన్నది.

ఒకే బూడిద, మూడు వయసులు. 14 లక్షలు, 6 లక్షల 70 వేలు, 75 వేలు. తోబా ఒక్కసారి పేలలేదు. దాదాపు 8 లక్షల ఏళ్ళ కిందట ఒకసారి, 5 లక్షల ఏళ్ళ కిందట ఒకసారి కూడా పెద్దగానే పేలింది. కాబట్టి బోరీది ఆ పాతవాటిలో ఒకటి కావచ్చునన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కాని గాజు వేలిముద్ర చివరి పేలుడుకే కలిసింది. మరి ఆర్గాన్ అంత పెద్ద అంకె ఎందుకు చూపింది అంటే, ఏటి ఒడ్డు బూడిదలో చుట్టుపక్కల రాతి రేణువులు కలవకుండా ఉండవు. ఆరున్నర కోట్ల ఏళ్ళ నల్లరాతి నలుసులు చిటికెడు కలిసినా బూడిద వయసు అమాంతం పెరిగిపోతుంది. పాలలో నీళ్ళు కలిపితే కంటికి తెలియదు, కొలతలో తెలుస్తుంది. ఇక్కడ కొలతనే అది పక్కదారి పట్టిస్తుంది.

1989 నాటి ఆ పత్రంలో పేరున్న రవి కోరిశెట్టరే, 1995లో ఇది తోబా చివరి పేలుడు బూడిదేనని చెప్పిన పత్రంలోనూ ఉన్నారు. కొత్త ఆధారం దొరికినప్పుడు పాత మాట పట్టుకుని వేళ్ళాడలేదు. నా దృష్టిలో ఇది తవ్వకాలంత గొప్ప విషయం.

బూడిద 75 వేల ఏళ్ళది అని ఒప్పుకుంటే చేతిగొడ్డళ్ళ మాటేమిటి? అవి కూడా అంత కొత్తవా? ఇక్కడే చాలామంది తడబడ్డారు. బోరీ దగ్గర బూడిద పడిన చోటే నిలిచిపోలేదు. వాగులు దాన్ని కడిగి, మోసి, గుంతల్లో పోశాయి. పాత గొడ్డళ్ళను కూడా నది అలాగే గట్లనుంచి పెకలించి మోసి ఉండవచ్చు. రెండూ ఒకచోట చేరినంత మాత్రాన ఒకే కాలానివి కావు. వరద తగ్గాక ఏటి ఒడ్డున తాతగారి చెంబూ, మనవడి ప్లాస్టిక్ సీసా పక్కపక్కనే దొరకవచ్చు. చేతిగొడ్డళ్ళ వయసు తరవాత వేరే చోట్ల, వేరే పద్ధతుల్లో తేలింది. ఉత్తర కర్ణాటకలో హుణసగి లోయలోని ఇసాంపుర దగ్గర ఆచార్య పద్దయ్యగారు తవ్విన చోట సుమారు 12 లక్షల ఏళ్ళు. తమిళనాడులో చెన్నపట్నానికి దగ్గరగా ఉన్న అత్తిరంపాక్కంలో సుమారు 15 లక్షలని 2011లో ప్రకటించారు. మొదటి బోరీ లెక్క చెప్పిన కాలంలో ఈ దేశంలో చేతిగొడ్డళ్ళు ఉన్నమాట నిజమే. బోరీ బూడిద మాత్రం దానికి సాక్షి కాదు.

జ్వాలాపురంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అక్కడ రెండు మీటర్ల మందం ఉంది అన్నాను కదా, అదంతా ఆకాశం నుంచి పడింది కాదు. నేరుగా పడింది అడుగున నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే. అప్పుడు ఆ లోయలో నిలవనీటి మడుగులు ఉండేవి. పడిన బూడిద మడుగు అడుగున బంకమట్టి మీద నెమ్మదిగా, సమంగా పేరుకుంది. తరవాత వానలు కొండవాలుల మీది బూడిదనంతా కడిగి మడుగుల్లోకి తెచ్చి పోశాయి. మిగతా మందం అలా వచ్చినదే. మనం నమ్మవలసిన ఎర్రగీత ఆ అడుగు నాలుగు సెంటీమీటర్లే. పైన ఉన్నదంతా తరవాత వానలు చేసిన అలుకుడు. ఏ తెల్లపొర దొరికినా సంబరపడి తేదీ వేసేస్తే బోరీ కథ మళ్ళీ జరుగుతుంది.

నాలుగు సెంటీమీటర్లంటే తక్కువ అనిపిస్తుందా? మీ పొలం మీద, చెరువు మీద, ఇంటి కప్పు మీద, చెట్ల ఆకుల మీద నాలుగు వేళ్ళ మందాన గాజుపొడి ఒకేసారి పడిందని ఊహించండి. పశువు గడ్డి కొరికితే పళ్ళు అరిగిపోతాయి. వాన పడితే ఏరు తెల్లగా, చిక్కగా పారుతుంది. బంగాళాఖాతం అడుగు మట్టిలో దొరికిన పుప్పొడిని బట్టి తోబా తరవాత ఇక్కడ అడవులు పలచబడి గడ్డినేలలు పెరిగాయని కొందరు అంటారు. మలావీ సరస్సు మట్టిలో అటువంటి మార్పేమీ కనపడలేదని మరికొందరు. ఎక్కడి దెబ్బ అక్కడిది అయి ఉంటుంది. ఏదేమైనా జుర్రేరు లోయలో ఎవరో ఒకరు దాన్ని తట్టుకుని మళ్ళీ రాళ్ళు చెక్కుకున్నారు. ఆ తరవాత ఆ లోయను మనుషులు మరిచిపోలేదు. అక్కడే ఒక కొండచరియ కింద 35 వేల ఏళ్ళనాటి చిన్నచిన్న రాతి పలుకులు దొరికాయి. అక్కడికి దగ్గరలోనే, బేతంచెర్ల ప్రాంతంలోని బిల్లసర్గం గుహల్ని 1884లో బ్రూస్ ఫుట్టూ, ఆయన కొడుకూ తవ్వించారు. బళ్ళారి బూడిద దిబ్బల్ని పోల్చుకున్న ఫుట్టే ఆయన. ఇంకో బూడిద అంత దగ్గరలో ఉన్నా ఆయన కంట పడలేదు.

పడకపోవడానికి ఒక కారణం, అప్పటికి ఇప్పటిలా గుంతలు లేకపోవడం. జ్వాలాపురం తెల్లపొర మనకు ఇంత స్పష్టంగా కనపడటానికి కారణం శాస్త్రజ్ఞులు కాదు, ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నవాళ్ళు. శుభ్రం చేసే పొడుల్లో కలపడానికి అది బాగా పనికొస్తుంది. మెత్తటి గాజు గనుక మురికిని గీకుతుంది, గిన్నెను పెద్దగా గీయదు. తవ్వకందారులు తీసిన గోతుల గోడల మీదే పరిశోధకులు తమ కొలతలు తీసుకున్నారు. తవ్వినవాళ్ళను తిట్టిపోయడం సులువు. కాని వాళ్ళ గడ్డపార లేకపోతే మనకు ఈ కథ తెలిసేదే కాదు. వాళ్ళు ఇంకొన్నాళ్ళు అలాగే తవ్వితే చదవడానికి గోడే మిగలదు అన్నదీ అంతే నిజం. 74 వేల ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉన్న పొర లారీకి ఇన్ని టన్నుల చొప్పున పోతుంది. ఊళ్ళో కూలివాళ్ళకు అది నాలుగు డబ్బులు తెచ్చిన పని. వాళ్ళకు ఇంకో పని చూపకుండా గీతను కాపాడమనడం కుదరదు. కనీసం ఒక గోడ, పై నుంచి కింది ఎర్రమట్టి దాకా, కదపకుండా విడిచిపెడితే చాలు.

మీ ఊరి వాగు గట్టు కోసుకుపోయిన చోటో, కొత్తగా బావి తవ్వుతున్న చోటో తెల్లటి పట్టీ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. సున్నపు గడ్డలు కూడా తెల్లగానే ఉంటాయి. వాటి మీద కాస్త నిమ్మరసం పిండితే నురగ వస్తుంది, బూడిద మీద పిండితే రాదు. ఆ తరవాత దాని కింది అంచు చూడండి. కింద బంకమట్టి, దాని మీద కత్తితో కోసినట్టు తెల్లపొర మొదలైతే అది పడిన చోటే ఉండి ఉంటుంది. అంచు చెదిరి, గులకరాళ్ళూ, మట్టిగడ్డలూ కలిసి ఉంటే నీళ్ళు మోసుకొచ్చినది. గడ్డపార వెయ్యకముందే ఒక ఫోటో తీసి, భూమట్టం నుంచి ఎంత లోతులో ఉందో కొలిచి రాసిపెట్టి, దగ్గరలోని కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే వారికి చూపించండి.